"ఫాల్స్" అని ఇచ్చినా ట్రూ ఎందుకొస్తోంది? పైథాన్‌లో స్ట్రింగ్‌ని నంబర్‌గా, బూలియన్‌గా మార్చే పద్ధతి

పైథాన్‌లో ఇన్‌పుట్ ఫంక్షన్‌తో ఏం తీసుకున్నా అది స్ట్రింగే, అంటే అక్షరాల వరుసే. యూజర్ 500 కొట్టి, తర్వాత 250 కొడితే మీ చేతికొచ్చేవి అంకెల్లా కనిపించే అక్షరాలు, అందుకే ఆ రెండింటినీ కూడితే 750 రాదు, 500250 వస్తుంది. కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైల్‌ని సీఎస్‌వీ మాడ్యూల్‌తో చదివినా, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్ బయట, సిస్టమ్‌లో పెట్టే సెట్టింగ్) చదివినా ఇంతే.

పూర్ణాంకం కావాలంటే ఇంట్ ఫంక్షన్, దశాంశాలుంటే ఫ్లోట్ ఫంక్షన్ వాడాలి. ముందూ వెనకా ఖాళీలున్నా, చివర కొత్త లైన్ ఉన్నా ఈ రెండూ పట్టించుకోవు, కాబట్టి దానికోసం స్ట్రిప్ చేయక్కర్లేదు (స్ట్రిప్ అంటే ముందూ వెనకా ఖాళీలు తీసేయడం). కానీ "25.9"ని ఇంట్‌కి ఇస్తే వాల్యూఎర్రర్, అంటే ఈ విలువ చెల్లదన్న ఎర్రర్, వస్తుంది. ముందు ఫ్లోట్ చేసి తర్వాత ఇంట్ చేయొచ్చు, అయితే వచ్చేది 25, 26 కాదు, ఎందుకంటే ఇంట్ రౌండ్ చేయదు, చుక్క తర్వాత ఉన్నదంతా కోసేస్తుంది.

మనకి ఎక్కువగా తగిలే చిక్కు కామాలు. "1,00,000" ఇస్తే ఇంట్ ఒప్పుకోదు, రిప్లేస్‌తో కామాలు తీసేసి ఇవ్వాలి, రూపాయి గుర్తు ఉంటే అదీ తీసేయాలి. అదే "౧౨౩" అని తెలుగు అంకెలు ఇచ్చి చూడండి, చక్కగా 123 వస్తుంది! యూనికోడ్‌లో దశాంశ అంకెలుగా నమోదైన వాటన్నిటినీ పైథాన్ 3 గుర్తుపడుతుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో.

డబ్బు లెక్కలకి మాత్రం ఫ్లోట్ వాడకండి. 0.1, 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది. దశాంశాలని రాసినవి రాసినట్టే ఉంచుకునే డెసిమల్ వాడండి, అదీ స్ట్రింగ్‌ని నేరుగా ఇచ్చి, మధ్యలో ఫ్లోట్ చేయకుండా. ఇంకోటి, అంకెలున్న ప్రతిదాన్నీ నంబర్ చేయకూడదు. హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ "040"ని ఇంట్ చేస్తే 40 మిగులుతుంది, ముందున్న సున్నా పోయినట్టే. ఫోన్ నంబర్లూ, ఖాతా నంబర్లూ స్ట్రింగ్‌గానే ఉంచండి.

మార్చేముందు, స్ట్రింగ్‌లో అన్నీ అంకెలేనా అని చూసే ఈజ్‌డిజిట్‌తో చెక్ చేస్తే చాలని చాలామంది చెప్తారు, సరిపోదు. "-5"కి అది ఫాల్స్ అంటుంది, పైన రాసే చిన్న రెండు "²"కి ట్రూ అంటుంది, కానీ ఇంట్ దాన్ని తీసుకోదు. ఎర్రర్‌ని పట్టుకునే ట్రై-ఎక్సెప్ట్‌లో పెట్టి మార్చండి, వాల్యూఎర్రర్ వస్తే యూజర్‌ని మళ్లీ అడగండి. తప్పు వచ్చిన చోట సున్నా పెట్టేసి ముందుకెళ్లడం మాత్రం వద్దు, ఆ సున్నా తర్వాత ఏ మొత్తంలో కలిసిందో వెతకడం నరకం.

ఇక బూలియన్, అంటే ట్రూ లేదా ఫాల్స్ మాత్రమే ఉండే రకం. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఎర్రరే రాదు. బూల్ ఫంక్షన్ స్ట్రింగ్‌లో ఏం రాసుందో చదవదు, ఖాళీగా ఉందా లేదా అన్నదే చూస్తుంది. "ఫాల్స్" ఖాళీ కాదు, కాబట్టి ట్రూ. "0" కూడా ట్రూ, ఒక్క స్పేస్ ఉన్నా ట్రూ. సర్వర్‌లో డీబగ్ (తప్పులు వెతకడానికి వివరాలు చూపించే మోడ్) వేరియబుల్‌కి ఫాల్స్ అని ఇచ్చి, కోడ్‌లో దాన్ని బూల్‌తో మారిస్తే డీబగ్ ఆన్‌లోనే ఉండిపోతుంది, ఎర్రర్ పేజీల్లో లోపలి వివరాలన్నీ బయటివాళ్లకి కనిపిస్తాయి.

కాబట్టి చిన్న ఫంక్షన్ మీరే రాసుకోండి. స్ట్రింగ్‌ని స్ట్రిప్ చేసి, లోయర్‌తో చిన్న అక్షరాల్లోకి మార్చి, "ట్రూ", "ఎస్", "ఆన్", "1" అయితే ట్రూ ఇవ్వండి, "ఫాల్స్", "నో", "ఆఫ్", "0" అయితే ఫాల్స్ ఇవ్వండి, రెండింట్లోనూ లేకపోతే వాల్యూఎర్రర్ లేపండి. ఈ మూడోది మర్చిపోవద్దు. అది లేకపోతే ఎవరో స్పెల్లింగ్ తప్పు కొట్టినా ఫాల్స్ అయిపోయి ఎవరికీ తెలియదు.

పాత కోడ్‌లో ఈ పనికి పైథాన్‌తోనే వచ్చే డిస్ట్‌యుటిల్స్ అనే పాత ప్యాకేజీలోని స్ట్ర్‌టుబూల్ ఫంక్షన్ వాడుంటే దాన్నీ మార్చాలి, పైథాన్ 3.12లో డిస్ట్‌యుటిల్స్‌నే తీసేశారు.