తత్వశాస్త్రం చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: హేతువు ఏది, కోరిక ఏది?

పోయిన పాఠంలో పూర్వపక్షం రాయడం సాధన చేశాం. అవతలివారి వాదాన్ని వాళ్లే ఒప్పుకునేలా మన మాటల్లో చెప్పి, ఆ తర్వాతే ఖండించాలి అనుకున్నాం. ఆ నోటుపుస్తకమే మళ్లీ తీయండి. రచయిత హేతువుల వెంట నడిచి ముగింపుకు చేరారా, ముగింపును ముందే మనసులో పెట్టుకుని హేతువులు వెతుక్కున్నారా అన్నది పసిగట్టడం ఈసారి మన పని.

ఈ పరీక్షను ఒక పుస్తకం పొడవునా చేసి చూపినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. సమకాలీన తత్వశాస్త్రంపై మతం ఏలుబడి గురించి ఇంగ్లీషులో ఆయన రాసిన ఆ పుస్తకం 1920లో వచ్చింది. లైబ్నిజ్, జేమ్స్ వార్డ్, బెర్గ్‌సన్, విలియం జేమ్స్ లాంటి పాశ్చాత్య తత్వవేత్తలను అందులో వరసగా విచారించారు. జగత్తుకు మూలం ఒక్కటి కాదు, అనేకం అనే బహుత్వవాదం తర్కం నుంచి పుట్టలేదని, మత విశ్వాసం తత్వవిచారంలో కలగజేసుకోవడం వల్లే పుట్టిందని ఆయన వాదన. తర్కాన్ని దాని దారిన పోనిస్తే ఏకతత్వానికే చేరుతుందన్నారు.

విలియం జేమ్స్‌నే తీసుకుందాం. పేజీ మధ్యలో నిలువుగీత గీయండి. ఎడమవైపు ఆయన హేతువులు రాయండి: మన అనుభవంలో వస్తువులు ముక్కలుగానే కలుస్తాయి, అంతా ఒక్కటిగా ఎప్పుడూ కనిపించదు. కుడివైపు ఆయన కోరిక రాయండి: ప్రపంచం ఇంకా పూర్తి కాలేదు, దాన్ని బాగుచేయడంలో మన ప్రయత్నానికి విలువ ఉండాలి. ఇప్పుడు కుడివైపును చేత్తో మూసి, ఎడమవైపు ఒక్కటే బహుత్వవాదం అనే ఆయన ముగింపును మోయగలదా చూడండి.

అంతా ఒకే పరతత్వమైతే చెడు కూడా అందులో భాగమేనా అని జేమ్స్ అడుగుతారు. ఈ మాటను ఏ వైపు రాయాలి? నేను చాలాసేపు తేల్చుకోలేకపోయాను. చివరికి గీత మీదే రాశాను. మీకూ అలాగే అనిపిస్తే అలాగే ఉంచండి, బలవంతంగా ఒక పక్కకు తోయకండి.

ఒక జాగ్రత్త. కోరిక బయటపడగానే వాదం కూలిపోయిందనుకోకూడదు. మొదట్లో నేను చేసిన తప్పు ఇదే. కుడివైపు నిండిందని ఎడమవైపు చదవడమే మానేసేవాణ్ని. దాహంతో ఉన్నవాడు నీళ్లున్నాయి అంటే, దాహం వల్ల ఆ మాట అబద్ధమైపోదు కదా. బావిలోకి తొంగి చూడాలి.

ఇదే పరీక్ష రాధాకృష్ణన్‌కూ పెట్టాలి. ఆ పుస్తకం చివరి అధ్యాయం ఉపనిషత్తుల దగ్గరికి చేరుతుంది. ఆయన చదివింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. అక్కడ హిందూమతంపై విన్న విమర్శలు తనను కలవరపెట్టాయని ఆయనే తర్వాత రాసుకున్నారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబుగా, ఇరవై ఏళ్ల వయసులో ఎం.ఏ. కోసం వేదాంత నీతిపై వ్యాసం రాశారు, అది 1908లో అచ్చయింది. అంటే ఆయన పేజీలోనూ కుడివైపు ఖాళీ కాదు. ఇలా అడగడం ఆయన్ని తక్కువ చేయడం కాదని నా నమ్మకం. ఇతరులను ఆయన అడిగిన ప్రశ్నే ఇది.

ఈ వారం అభ్యాసం: మీరు గట్టిగా నమ్మే విషయం ఒకటి తీసుకుని ఇలాగే గీత గీయండి. ముందు కుడివైపు నింపండి. ఎడమవైపు మర్నాడు, తీరిగ్గా కూర్చుని రాయండి.