మోనోలేయర్ పాఠాలు – 4: ఐసోథర్మ్, దానికి ముందు పాత లెక్క

ఈసారి ఐసోథర్మ్ గీయాలి, అంటే ఉష్ణోగ్రత మార్చకుండా పొరను నొక్కుతూ పోతే పీడనం ఎలా పెరుగుతుందో చూపే రేఖ. గీద్దాం. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు చాలామంది రాసిన జవాబు ఒకటే: "బారియర్ (పొరను నొక్కే అడ్డుపట్టీ) కదపకముందే పొర (నీటి మీద ఒక్క అణువు మందాన పరుచుకున్న మోనోలేయర్) కూలిపోయింది." కూలలేదు.

లెక్క ఇది. క్లోరోఫామ్‌లో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము స్టియరిక్ ఆమ్లం. అందులోంచి 50 మైక్రోలీటర్లు తీసి, 500 చదరపు సెంటీమీటర్ల ట్రఫ్‌లో (లోతు తక్కువ తొట్టిలో) నీటి మీద వేశాం. ఒక్కో అణువుకు ఎంత చోటు దక్కింది? మోలార్ ద్రవ్యరాశి 284.5 కాబట్టి అణువులు 1.06 × 10¹⁷. ఒక్కో అణువుకు 0.47 చదరపు నానోమీటర్లు. ఇక్కడిదాకా అందరూ బాగానే వచ్చారు. దాన్ని ఆంగ్‌స్ట్రామ్‌ల్లోకి మార్చి 4.7 అన్నారు. అణువు నిలబడటానికే 20 కావాలి, 4.7లో పట్టదు, కాబట్టి కూలిపోయిందట. తర్కం బాగుంది, అంకె తప్పు.

నానోమీటరుకు 10 ఆంగ్‌స్ట్రామ్‌లు. చదరపు నానోమీటరులో ఈ వైపు 10, ఆ వైపు 10, మొత్తం 100 చదరాలు. కాబట్టి 0.47 అంటే 47. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే: 20 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు 0.20 అవుతాయి, 2 కావు. సెంటీమీటరు 10⁷ నానోమీటర్లైతే చదరపు సెంటీమీటరు 10¹⁴ అని తడుముకోకుండా రాసినవాళ్లు, రెండు లైన్ల తర్వాత వర్గం మర్చిపోవడమేమిటో! నేనైతే పాత పేపర్లు చదివేటప్పుడు తప్ప ఆంగ్‌స్ట్రామ్‌ల జోలికే పోను. 0.20 ఒక్కటి గుర్తుంచుకోండి చాలు. నిటారుగా నిలబడ్డ కొవ్వు ఆమ్లపు అణువుకు కావలసిన చోటు దాదాపు అంతే. కార్బన్ గొలుసు పొడవు పెరిగినా ఈ వైశాల్యం మారకపోవడం చూసే, అణువులు నీళ్లలో తల (ఆమ్లపు కొస) ముంచి తోక (గొలుసు) పైకెత్తి నిలబడ్డాయని 1917లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ తేల్చాడు. మీ జవాబు 0.20 కన్నా బాగా తక్కువ వస్తే ముందు కాలిక్యులేటర్‌ను అనుమానించండి, పొర సంగతి తర్వాత.

ఇక ఐసోథర్మ్. అడ్డంగా అణువుకు వైశాల్యం, నిలువుగా ఉపరితల పీడనం. శుభ్రమైన నీటి తలతన్యతలోంచి పొర ఉన్న నీటి తలతన్యత తీసేస్తే వచ్చేదే ఈ పీడనం. క్లోరోఫామ్ ఆవిరయ్యేందుకు పావుగంట ఆగి, బారియర్‌ను నెమ్మదిగా జరపండి. 0.47 దగ్గర పీడనం దాదాపు సున్నా. సుమారు 0.25 దగ్గర రేఖ లేస్తుంది. మీటరుకు 25 మిల్లీన్యూటన్ల ప్రాంతంలో మలుపు తిరిగి నిటారుగా ఎక్కుతుంది. రేఖ లేచిన చోటే అణువు వైశాల్యం అనుకోకండి, అక్కడ గొలుసులు ఇంకా వాలే ఉన్నాయి. మలుపు పైనున్న నిటారు భాగాన్ని స్కేలుతో సున్నా పీడనం దాకా కిందికి పొడిగించండి. అడ్డగీతకు తగిలే చోటు 0.20.

అభ్యాసం: పామిటిక్ ఆమ్లం, మోలార్ ద్రవ్యరాశి 256.4. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ద్రావణం 40 మైక్రోలీటర్లు, 300 చదరపు సెంటీమీటర్ల ట్రఫ్. పొడిగించిన గీత సున్నాను తాకేటప్పటికి ట్రఫ్ వైశాల్యమెంత? ఇప్పుడు అసలు ప్రశ్న. సీసా మూత వదులుగా ఉండి, వాడకముందే ద్రావణం ఘనపరిమాణంలో పదో వంతు క్లోరోఫామ్‌గా ఎగిరిపోయింది. ఆమ్లం పోలేదు. సంగతి మీకు తెలియదు, లెక్క పాత గాఢతతోనే వేశారు. 0.20 రావాల్సిన చోట ఎంత వస్తుంది? అంకె ఒక్కటే పంపితే చూడను, రేఖ ఎటు జరిగిందో, ఎందుకు జరిగిందో కూడా రాయండి.