స్లాబు రోజు గుర్తొచ్చిన పైపులు

మిర్యాలగూడలో గోదాము కట్టే పని, మేనేజరుగా నా మొదటి ప్రాజెక్టు. ల్యాప్‌టాప్‌లో ఏ పని ఎప్పుడో చార్టు ముచ్చటగా గీశాను, మేస్త్రీకి మాత్రం చూపించలేదు. తీరా కాంక్రీటు మిషను, ఇరవై మంది కూలీలు వచ్చాక చూస్తే, స్లాబులో కరెంటు పైపులు వేయనే లేదు! ఎలక్ట్రీషియనేమో హాలియాలో పెళ్లికి పోయాడు. ఆ రోజు కూలి దండగ.

ఇప్పుడు సెంట్రింగ్ చెక్క మీద సుద్దముక్కతో రాయిస్తున్నా: ఏ పని, ఎవరు, ఎప్పటికి. తారీఖు చెప్పేదీ రాసేదీ మేస్త్రీయే.

ఛాయ్ దగ్గర మేస్త్రీని "అయిందా?" అని అడగడం మానేశాను. దానికి ఎప్పుడూ "అయితది సార్" అనే జవాబు. "ఏం అడ్డం పడ్డది అన్నా?" అంటే అసలు సంగతి వస్తుంది. మొన్న "వరికోతలు మొదలైనయి, బుధవారం మనుషులు దొరకరు" అన్నాడు. రెండో స్లాబు సోమవారమే పోసేశాం, పైపులతో సహా.