అమెరికా దిగుమతి సుంకాలు – 4వ పాఠం: డంపింగ్ మార్జిన్ లెక్క

ధర సంగతి తేల్చేది వాణిజ్య శాఖ, దేశీయ పరిశ్రమకు నష్టం జరిగిందా లేదా తేల్చేది అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ అని పోయిన పాఠంలో చూశాం. రెండూ అవునంటేనే యాంటీ డంపింగ్ ఆర్డర్, అంటే ఆ సరుకు మీద అదనపు సుంకం వేసే ఉత్తర్వు వస్తుంది. ఇవాళ ధర లెక్క మీరే వేయాలి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

చవగ్గా అమ్మినంత మాత్రాన డంపింగ్ కాదు. ఎగుమతిదారు తన దేశంలో అమ్మే ధరకన్నా తక్కువకు అమెరికాలో అమ్మితేనే డంపింగ్. సొంత దేశపు ధరను ‘సాధారణ విలువ’ అంటారు. అక్కడ తయారీ ఖర్చుకన్నా తక్కువకు పెద్ద ఎత్తున అమ్మకాలు జరిగి ఉంటే వాటిని లెక్కలోంచి తీసేయవచ్చు. దాని గురించి తర్వాత విడిగా చెప్పుకుందాం.

వంద కిలోల మేకులు తీసుకుందాం. సొంత దేశంలో కొనుగోలుదారుకు చేర్చి ఇచ్చే ధర 118 డాలర్లు. అమెరికాలో కొనుగోలుదారు గుమ్మానికి చేర్చే ధర 114. తేడా 4 డాలర్లేగా అనిపిస్తుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ రెండు ధరల్లో కలిసిన ఖర్చులు వేరు. రెండింటినీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తెచ్చాకే పోల్చాలి.

సొంత దేశంలో లారీ కిరాయి 6 పోతే 112 మిగిలింది. అమెరికా ధరలోంచి ఫ్యాక్టరీ నుంచి రేవు దాకా కిరాయి 4, ఓడ కిరాయి, బీమా కలిపి 7, మామూలు దిగుమతి సుంకం 3 తీసేయండి. 100 మిగిలింది. అసలు తేడా 12 డాలర్లు. దాన్ని అమెరికా ధర 100తో భాగించాలి, 112తో కాదు. మార్జిన్ 12 శాతం. నిజమైన కేసులో ఒక్క అమ్మకంతో తేల్చరు, సాధారణంగా సగటు ధరలు పోలుస్తారు. పద్ధతి మాత్రం ఇదే.

తొలి విచారణలో మార్జిన్ 2 శాతంకన్నా తక్కువ వస్తే దాన్ని లేనట్టే లెక్కిస్తారు.

ఇక ఫెడరల్ రిజిస్టర్ (అమెరికా ప్రభుత్వ గెజిట్) ప్రకటనలో కంపెనీ పేరు పక్కన 12 శాతం అని కనిపిస్తే దిగుమతిదారు అంతటితో లెక్క తేలిందనుకోకూడదు. అది డిపాజిట్ రేటు మాత్రమే. 40,000 డాలర్ల సరుకుకు 4,800 కస్టమ్స్‌కు కట్టి సరుకు విడిపించుకుంటారు. తర్వాత ఎవరైనా వార్షిక సమీక్ష కోరితే, ఆ కాలంలో జరిగిన అమ్మకాలను బట్టి అసలు రేటు తేలుస్తారు. పెరిగితే మిగతాది వడ్డీతో కట్టాలి, తగ్గితే వడ్డీతో వెనక్కి వస్తుంది. ఎవరూ కోరకపోతే డిపాజిట్ రేటే ఖాయం. సరుకు అమ్మేసి లాభం పంచుకున్నాక బిల్లు రావడం చిన్న టెన్షన్ కాదు. చిన్న దిగుమతిదారులు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

మరి సరుకును ఫారిన్ ట్రేడ్ జోన్‌లో పెడితే? 1934 చట్టంతో వచ్చిన ఈ జోన్లు అమెరికా నేల మీదే ఉన్నా, సుంకాల విషయంలో దేశం బయట ఉన్నట్టే. సరుకు దేశీయ మార్కెట్‌లోకి వచ్చేదాకా సుంకం కట్టక్కర్లేదు. మామూలు సరుకైతే ఇంకో వెసులుబాటు కూడా దొరకవచ్చు: ముడిసరుకుకన్నా తయారైన వస్తువు మీద సుంకం తక్కువుంటే, అనుమతి మేరకు ఆ తక్కువ రేటే కట్టవచ్చు. యాంటీ డంపింగ్ ఆర్డర్ ఉన్న సరుకుకు ఆ దారి మూసేశారు. దాన్ని ‘ప్రివిలేజ్డ్ ఫారిన్’ హోదాలోనే జోన్‌లోకి తీసుకోవాలి. లోపల ఏ రూపంలోకి మార్చినా, దేశీయ మార్కెట్‌లోకి వచ్చేటప్పుడు మొదటి సరుకుగానే లెక్కిస్తారు. జోన్ నుంచి నేరుగా వేరే దేశానికి ఎగుమతి చేస్తే మాత్రం ఆ సుంకం పడదు.

అభ్యాసం: సొంత దేశపు ధర 130, లారీ కిరాయి 5. అమెరికా ధర 139, రేవు దాకా కిరాయి 3, ఓడ కిరాయి, బీమా 9, సుంకం 4. మార్జిన్ ఎంత? ఈ ఒక్క కంపెనీయే ఉంటే ఆర్డర్ వస్తుందా? జవాబు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో నష్టం నిరూపణ చూద్దాం.