తరగతిలో మూల్యాంకనం – 3వ పాఠం: ఒకే ప్రశ్న, అందరి పలకలు

కిందటి పాఠంలో ప్రశ్న వేశాక ఆగడం సాధన చేశాం. 1970లలో అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించింది గుర్తుందా? టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకనుకు మించి ఆగడం లేదు. ఆ సమయం మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు మెదపనివాళ్లు తగ్గారు. ఈ వారం ఆగి చూసినవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలిసే ఉంటుంది. చేతులు కొన్ని పెరుగుతాయి గానీ, జవాబు చెప్పేది మాత్రం చివరికి ఒక్కరే.

మిగతావాళ్లకు ఏం అర్థమైందో ఆ ఒక్కరిని అడిగితే తెలియదు. 'అర్థమైందా?' అని అందరినీ అడిగినా తెలియదు. 'అర్థమైంది సార్' అని తరగతంతా కలిసి అంటుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తప్పుగా అర్థం చేసుకున్న పిల్లవాడికి తనది తప్పని తెలియదు కదా!

అందుకని ఈ పాఠంలో రెండు పనులు. పిల్లల ఆలోచనను బయటపెట్టే ప్రశ్న తయారు చేయడం ఒకటి, దానికి అందరి చేతా ఒకేసారి జవాబు రాయించడం రెండోది. మొదటిదే కష్టం కాబట్టి ఎక్కువసేపు దాని దగ్గరే ఉందాం.

ఆరో తరగతి దశాంశాలు తీసుకోండి. '0.6, 0.45 – వీటిలో ఏది పెద్దది?' అని అడిగామనుకుందాం. 0.45 అన్న పిల్లవాడు 6 కన్నా 45 పెద్దది కదా అనుకున్నాడు. అది వెంటనే తెలుస్తుంది. మరి 0.6 అన్నవాళ్లందరికీ వచ్చేసినట్టేనా? పదో వంతు కన్నా వందో వంతు చిన్నదని మనమే చెప్పాం. దాన్ని పట్టుకుని, పాయింటు తర్వాత అంకెలు ఎక్కువ ఉంటే అది చిన్న సంఖ్య అని సొంతంగా ఒక సూత్రం కట్టుకున్న పిల్లలు ఉంటారు. వాళ్లూ 0.6 అనే రాస్తారు. మనం టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతాం. ఆ తప్పు వాళ్లతో పాటే పై తరగతికి వెళ్తుంది.

ఇప్పుడు ప్రశ్న ఇలా మార్చి చూడండి: 0.7, 0.125, 0.75లలో అన్నిటికన్నా పెద్దది ఏది?

పాయింటు తర్వాతి భాగాన్ని మామూలు సంఖ్యలా చదివే పిల్లవాడు 0.125 అంటాడు. అంకెలు తక్కువైతే పెద్దది అనుకునే పిల్లవాడు 0.7 అంటాడు. స్థాన విలువ తెలిసిన పిల్లవాడు 0.75 అంటాడు. ఏ జవాబు వచ్చినా దాని వెనక ఉన్న ఆలోచన మీకు కనిపిస్తుంది.

ఇలాంటి ప్రశ్నకు ముందు సంఖ్యలు వెతక్కండి. పిల్లలు ఎన్ని రకాలుగా పొరబడతారో పాత స్లిప్ టెస్ట్ పేపర్లలో చూసి రాసుకోండి. తర్వాత సంఖ్యలు ఎంచుకుని, ఆ తప్పు పద్ధతుల్లో మీరే చేసి చూడండి. తప్పు పద్ధతిలోనూ సరైన జవాబు వస్తే ఆ ప్రశ్న పనికిరాదు. తీసివేతలో 68 – 23 అలాంటిదే, ఎలా చేసినా 45 వస్తుంది. 62 – 28 ఇచ్చి చూడండి. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసేవారికి 46 వస్తుంది. అప్పు తెచ్చుకుని పదుల్లో తగ్గించడం మరిచినవారికి 44 వస్తుంది. సరైన జవాబు 34.

దశాంశాల దగ్గర ఉన్నాం కాబట్టి ఒక మాట. 0.75ను 'సున్నా పాయింట్ డెబ్బై ఐదు' అని చదివితే ఆ మొదటి రకం తప్పును మనమే నేర్పినట్టు. 'సున్నా పాయింట్ ఏడు ఐదు' అని చదవండి. క్రికెట్ ఓవర్లు ఉదాహరణగా చెప్పాలని ఎంత అనిపించినా దశాంశాలు కుదురుకునేదాకా వద్దు. 4.5 ఓవర్ల తర్వాత ఒక్క బంతి పడితే 5 ఓవర్లు అవుతాయి. అక్కడ లెక్క ఆరుతో, పదితో కాదు.

ఇక రాయించడం. చిన్న తరగతుల్లో పలకలు ఉంటాయి. హైస్కూల్లో నోటుబుక్కు చివరి పేజీలో పెద్దగా రాయిస్తే సరిపోతుంది. మాట్లాడకుండా రాయాలి, రాసి బోర్లా పెట్టాలి. అందరూ పెట్టాక మీరు 'చూపించండి' అనగానే ఒకేసారి పైకెత్తాలి. బోర్లా పెట్టించడం మాత్రం మానకండి, లేకపోతే పక్కవాళ్ల పలక చూసి చెరిపేస్తారు.

చూస్తున్నప్పుడు మీ ముఖంలో మెప్పు గానీ విసుగు గానీ కనిపించకూడదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ బోధించే ఎరిక్ మజూర్ ఈ దశలో ఒక కొలత పాటిస్తారు. సరైన జవాబులు 30 శాతం లోపైతే మళ్లీ చెప్పాలి. 70 శాతం దాటితే క్లుప్తంగా వివరించి ముందుకు వెళ్లొచ్చు. మధ్యలో ఉంటే సరైన జవాబు చెప్పకుండా పిల్లలనే మాట్లాడుకోనివ్వాలి. 40 మంది తరగతిలో ఆ మధ్య అంటే 12 నుంచి 28 మంది. వేరువేరు జవాబులు రాసినవాళ్లను జతలుగా కూర్చోబెట్టి, ఎందుకలా రాశారో రెండు నిమిషాలు ఒకరికొకరు చెప్పుకోమనండి. తర్వాత మళ్లీ రాయించండి. ఆ కొలత కాలేజీది. బడిలో 70 దాటినా మిగిలినవాళ్లను అక్కడే వదిలేయడం నాకు సమ్మతం కాదు. వాళ్లు ఎవరో ఇప్పుడు మీకు పేరుపేరునా తెలుసు. ఆ పూటే ఐదు నిమిషాలు వాళ్లతో కూర్చోండి.

ఈ జవాబులకు మార్కులు వేయకండి, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో వేసే మార్కులు) రిజిస్టరులో ఎక్కించకండి. మార్కు అనగానే పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది, పక్కకు చూస్తారు. పిల్లల అవగాహనను నిరంతరం, సమగ్రంగా అంచనా వేయాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. చాలాచోట్ల అది రికార్డులు నింపడంగా మిగిలిపోవడం నాకు బాధగా ఉంటుంది. పలక మీద జవాబు చూసి రేపటి పాఠం మార్చుకుంటే ఆ సెక్షన్ కోరిన పని జరిగినట్టే.

ఈ వారం అభ్యాసం: మీరు చెప్పబోయే పాఠం నుంచి ఒక్క ప్రశ్న తయారు చేయండి. ఏ తప్పు జవాబు ఎంతమంది రాస్తారో ముందే అంచనా వేసి కాగితం మీద పెట్టుకోండి. పలకలు చూశాక అసలు లెక్క పక్కన రాయండి. ఎక్కడ ఎక్కువ తేడా వచ్చిందో ఆ జవాబు రాసిన ఒకరిద్దరిని పిలిచి, ఎలా చేశారో చెప్పమని అడగండి. వాళ్ల మాటలు వాళ్లన్నట్టే రాసి ఉంచుకోండి. నోటుబుక్కుల్లో మార్కులకు బదులు ఏం రాయాలో చెప్పే వచ్చే పాఠంలో అవి కావాలి.