దీపావళి కొట్లకు ముగ్గు గీసే ముందే

విజయనగరంలో సిరిమానోత్సవం అయ్యాక దీపావళికి మిగిలేది రెండు మూడు వారాలే. మందుగుండు కొట్ల దరఖాస్తులు, స్థలాల పంపకం, అగ్నిమాపక శాఖ తనిఖీ అన్నీ ఈలోపే అయిపోవాలి. ఆ హడావుడిలో కొట్ల వాళ్లకిచ్చే నిరుటి షరతుల కాగితానికే తేదీ మార్చి జిరాక్సు తీసేస్తారు. ఈసారి అలా కానివ్వకండి.

1983 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ (పేలుడు సరుకుల నిబంధనలు) పోయి 2008లో కొత్తవి వచ్చాయి. 2018లో సుప్రీంకోర్టు పొగ తక్కువుండే గ్రీన్ క్రాకర్సే అమ్మాలంది. బేరియం మందు, సీమటపాకాయల సరాలు, ఆన్‌లైన్ అమ్మకాలు వద్దంది. వీటి ఊసు మీ కాగితంలో ఉందా? మున్సిపాలిటీ వాళ్లు, కొట్ల వాళ్లు ఓ పూట కూర్చుని చూసుకోవాలి. ‘తగినంత దూరం పాటించవలెను’ అని ఉంటే కొట్టేసి అంకె వెయ్యండి. తగినంత అంటే ఎంతో టేపు చెప్పదు.

2008 రూల్స్ చెప్పే అంకెలు ఇవి: కొట్టుకీ కొట్టుకీ మధ్య కనీసం 3 మీటర్లు, రక్షణ కల్పించాల్సిన ఇళ్లూ కట్టడాల నుంచి 50 మీటర్లు, ఒక్కచోట 50 కొట్లకు మించకూడదు. కొట్లు ఎదురుబొదురుగా ఉండకూడదు. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ చివరిదే. నడవడానికి మధ్యలో దారి, అటో వరస ఇటో వరస వేస్తే సంతలా కళగా ఉంటుంది, నిజమే. కానీ ఒక కొట్లోంచి లేచిన జువ్వ నేరుగా ఎదుటి కొట్టు బల్ల మీదకే పోతుంది. అందుకే రేకులు దిగకముందే సున్నంతో ముగ్గు గీయించండి. షెడ్డు లేచాక జరపమంటే ఎవరూ జరపరు. ఆ 3 మీటర్ల సందులో ఖాళీ అట్టపెట్టెలు పేర్చినా, బండి పెట్టినా సందు వదిలిన ఫలితమే ఉండదు.

షెడ్డు మంటంటుకోని సరుకుతోనే వెయ్యాలి. పండగ పందిళ్ల గుడ్డలు చవగ్గా దొరుకుతున్నాయని వాటి జోలికి పోకండి. పైగా ఇది తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. మబ్బు పట్టగానే అందరూ రేకుల మీద టార్పాలిన్ కప్పేస్తారు. దాని బదులు రేకు చూరు కాస్త ముందుకు దించుకోండి. చెమ్మెక్కిన చిచ్చుబుడ్లను బల్బు పక్కనో, పొయ్యి దగ్గరో ఆరబెట్టడం మరీ పిచ్చిపని.

దీపాలు గోడకో కప్పుకో బిగించాలి, తీగకు వేలాడకూడదు. వరసకో మెయిన్ స్విచ్ ఉండాలి, అదెక్కడుందో ఆ వరసలో అందరికీ తెలియాలి. నూనె దీపం, గ్యాసు లైటు ఆ చుట్టుపక్కలే ఉండకూడదు. పూజ చేసి అగరొత్తి గుచ్చే అలవాటుంది గదా, అది ఇంటి దగ్గరే కానిచ్చుకోండి.

‘ఒకటి కాల్చి చూపించు బాబూ’ అని అడిగేవాళ్లుంటారు. కొట్లకు 50 మీటర్ల లోపు కాల్చడానికి లేదు, మొహమాటపడకండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని కొట్లో కూర్చోబెట్టొద్దు.

మంటలార్పే సిలిండరు ముల్లు పచ్చరంగులో ఉందో లేదో చూసుకోండి. నీళ్ల డ్రమ్ము, ఇసుక బకెట్లు చేతికందేలా పెట్టండి. ఇవన్నీ మొదటి నిప్పురవ్వకే. మందుకు కావలసిన ఆక్సిజన్ మందులోనే ఉంటుంది, సరుకు అంటుకుందంటే కప్పి ఆర్పలేరు. గల్లాపెట్టె వదిలేసి జనాన్ని బయటికి పంపి 101కో 112కో ఫోన్ చెయ్యండి.

అమ్మగా మిగిలినది నాగులచవితికి పనికొస్తుందని ఇంటి మేడ మీదకు చేరుస్తారు. లైసెన్సు గడువు, మిగిలిన సరుకు ఎవరికి తిప్పి పంపాలి అన్న రెండు ముక్కలూ షరతుల కాగితంలోనే రాయించండి. టోకు వర్తకుడితో వాపసు మాట సరుకు దించుకునే రోజే అనుకోవాలి.