వలస తండ్రి పాత్రకు సిద్ధం కావడం ఎలా

కడపలో లఘుచిత్రానికో నాటకానికో కువైట్ వెళ్లిన తండ్రి పాత్రను ఒప్పుకున్న నటుడు, సంభాషణలు కంఠస్థం చేయడానికి ముందు 2011లో విడుదలైన ‘ఎ బెటర్ లైఫ్’ చిత్రంలో డెమియన్ బిచిర్ నటనను రెండుసార్లు, రెండోసారి శబ్దం తీసివేసి, చూడాలి. లాస్ ఏంజెలెస్‌లో అనుమతి పత్రాలు లేకుండా తోటపని చేస్తూ ఒంటరిగా కొడుకును పెంచే కార్లోస్ పాత్ర అది. ఆ నటనకు ఆయన ఉత్తమ నటుడి ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు.

ఎత్తైన చెట్టు మీద పనిలో ఉన్న కార్లోస్, తోబుట్టువు ఇచ్చిన డబ్బుతో కొన్న ట్రక్కును తాను పనికి పెట్టుకున్న మనిషే ఎత్తుకుపోవడాన్ని పైనుంచి చూసే సన్నివేశం దగ్గర ఆగి, ఆయన ఒళ్లు ఎలా కదులుతుందో గమనించండి. పోలీసులను ఆశ్రయిస్తే తానే పట్టుబడతాడు కనుక, ఆ భయమంతా దిగే తొందరలోనే కనిపించాలి. దేశం నుంచి పంపేసే ముందు కొడుకుతో మాట్లాడే ఘట్టం ఇంకా కష్టం. నా దృష్టిలో నటుడు అన్నిటికంటే ఎక్కువ సాధన చేయవలసింది అదే.

తరువాత రాయచోటి, రాజంపేట వైపు గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన వారితో, వారి అనుమతితో, తీరిగ్గా మాట్లాడండి. కష్టాల గురించి నేరుగా అడగకుండా, పిల్లలకు ఫోన్ చేసినప్పుడు ఏ సంగతులు దాచేవారో అడగండి. ఆ దాపరికాన్ని మన సీమ యాసలోనే, గొంతు పెంచకుండా పలకడం అభ్యసించండి.